ఆటోమేషన్ పెట్టించాలంటే: గోడలో పెట్టేదా, కంప్యూటర్‌లో పెట్టేదా?

ఒంగోలులో 22 ఏళ్ళుగా ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. పోయిన వేసవిలో ఒకే వారం ఇద్దరు ఫోన్ చేసి ఒకే మాట అడిగారు. "ఆటోమేషన్ పెట్టించాలి, ఎంతవుద్ది?" ఒకరు లాయర్‌పేటలో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఇంకొకరు చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నడిపే అన్న. వెళ్ళి చూస్తే మాస్టారు డైరీలో ఎన్‌ఎయిట్‌ఎన్ (n8n) అనే సాఫ్ట్‌వేర్ పేరు రాసిపెట్టుకున్నారు. చీమకుర్తి అన్న బల్ల మీద అప్పటికే ఒక స్మార్ట్ హోమ్ హబ్ (ఇంట్లో స్మార్ట్ వస్తువులన్నింటినీ కలిపి నడిపేది) ఉంది, పెట్టె మీద మ్యాటర్ గుర్తుతో. ఇద్దరూ వీడియోలు చూసే నిర్ణయానికి వచ్చారు. మాస్టారికి కావాల్సింది అన్న కొన్నాడు, అన్నకి కావాల్సింది మాస్టారు రాసుకున్నారు.

ఈ తికమక వాళ్ళిద్దరితో పోయేది కాదు. ఇంటి స్విచ్చుల పని, ఆఫీసు రాతపని, రెండింటినీ ఆటోమేషన్ అనే ఒక్క మాటతోనే అమ్ముతున్నారు. అందుకే నేను ఇద్దరి దగ్గరా ఏం చేశానో, ఎందుకు చేశానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మీరు డబ్బు తీసేముందు పనికొస్తుంది.

మ్యాటర్ అంటే కంపెనీలన్నీ కూర్చుని చేసుకున్న ఒప్పందం. మన మూడు పిన్నుల ప్లగ్ ఏ కంపెనీదైనా ఏ కంపెనీ సాకెట్‌లోనైనా పడుతుంది, ఎందుకంటే పిన్నుల కొలతలు ముందే ఒప్పుకున్నారు. అలాగే ఒక కంపెనీ స్విచ్చు, ఇంకో కంపెనీ బల్బు, వేరే కంపెనీ యాప్ ఒకదాని మాట ఒకటి అర్థం చేసుకోవడానికి పెట్టుకున్న ఉమ్మడి భాష మ్యాటర్. 2019 డిసెంబరులో అమెజాన్, యాపిల్, గూగుల్, జిగ్‌బీ అలయన్స్ అనే కంపెనీల సంఘం కలిసి మొదలుపెట్టాయి. మొదటి వెర్షన్ 2022 అక్టోబరులో వచ్చింది. ఇది ఉండేది వస్తువు లోపల, అంటే చివరికి మీ గోడలో.

ఎన్‌ఎయిట్‌ఎన్, జాపియర్, మేక్ లాంటివి వేరే జాతి. అవి చెప్పింది చెప్పినట్టు చేసే గుమస్తాలు. ఎక్కడో ఒకటి జరుగుతుంది: ఫారం నిండుతుంది, మెయిల్ వస్తుంది, షీటులో కొత్త వరస పడుతుంది. అది చూసి గుమస్తా కదులుతాడు. ఇక్కడి వివరం తీసుకెళ్ళి అక్కడ రాస్తాడు, ఇంకొకరికి కబురు పంపిస్తాడు. వైరుతో, స్విచ్చుతో దానికి సంబంధం లేదు. దాని పనంతా రాతపని.

కాబట్టి ముందు చేయాల్సింది ఒక తెల్లకాగితం తీసుకోవడం. ఒక రోజు పొద్దున్నుంచి రాత్రి వరకు, చేసిందే మళ్ళీ మళ్ళీ చేసి విసుగొచ్చిన ప్రతి పనినీ రాయండి. పక్కనే ఆ పనిలో మీ చేయి ఎక్కడికి పోయిందో రాయండి. స్విచ్చు మీదకా, కీబోర్డు మీదకా? స్విచ్చు అయితే మ్యాటర్ వైపు. ఒకచోట చూసి ఇంకోచోట టైపు చేయడమైతే గుమస్తా సాఫ్ట్‌వేర్ వైపు. ఈ కాగితం రాయనిదే ఇప్పుడు నేను ఎవరికీ రేటు చెప్పడం లేదు.

మాస్టారి కాగితంలో ఐదు వరసలున్నాయి. రాత్రి రెండింటికి బాత్రూముకి లేస్తే చీకట్లో స్విచ్చు తడుముకోవడం. సంపు మోటారు ఆపడం మర్చిపోవడం. గీజర్ అలాగే వదిలేయడం. సాయంత్రం వాకిట్లో లైటు. ఐదోది: "పిల్లలు రోజూ ఫోన్ చేసి బాగున్నారా అని అడగడం". నాలుగు వరసలు స్విచ్చులే. ఐదోది రెండింటికీ మధ్యలో ఉంది, దాని సంగతి చివర్లో చెప్తాను.

చీమకుర్తి అన్న కాగితం నిండా ఒక్కటే: లారీ నంబరు. గేటు దగ్గర పుస్తకంలో రాస్తారు. ఆఫీసులో ఎక్సెల్‌లో కొడతారు. బిల్లులో కొడతారు. కొన్నవాళ్ళకి వాట్సాప్‌లో పంపుతారు. ఒకే నంబరు నాలుగుసార్లు. ఒకసారి 3 బదులు 8 పడి, కాగితాల్లో నంబరూ బండి నంబరూ కలవక, గెలాక్సీ గ్రానైట్ స్లాబులేసుకుని చెన్నై పోతున్న లారీ దారిలో సగం రోజు ఆగిపోయింది. ఆ కాగితంలో స్విచ్చు అనే మాటే లేదు. అన్న కొన్న హబ్‌ని మాస్టారింటికి తీసుకెళ్ళాం, డబ్బు మాస్టారు ఇచ్చేశారు.

మాస్టారింటి పని

పాత ఇళ్ళలో మొదట చూడాల్సింది యాప్ కాదు, స్విచ్చు బోర్డు వెనక న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) ఉందా లేదా అని. గోడలో పెట్టే స్మార్ట్ మాడ్యూళ్ళలో (స్విచ్చు వెనక దాగే చిన్న పెట్టెలు) ఎక్కువ వాటికి ఫేజుతో (కరెంటు వచ్చే వైరుతో) పాటు న్యూట్రల్ కూడా కావాలి, మాడ్యూల్ ఎప్పుడూ మేలుకుని ఉండాలి కాబట్టి. మన దగ్గర పాత వైరింగులో లైటు స్విచ్చుకి ఫేజు మాత్రమే దింపి, న్యూట్రల్‌ని పైనుంచి పైనే హోల్డరుకి ఇచ్చేస్తారు. మీ అంతట మీరు తెలుసుకోవడానికి ఒక గుర్తు: ఆ బోర్డులో ప్లగ్ పాయింటు ఉంటే న్యూట్రల్ ఉన్నట్టే. లైటు స్విచ్చులు మాత్రమే ఉంటే అనుమానించాలి. న్యూట్రల్ లేదని ఎర్త్ వైరుని వాడే పని మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. ఇంట్లో మిక్సీ, ఫ్రిజ్ రేకులకి తగిలి ఉండేది ఆ ఎర్తే. తేడా వస్తే ప్రాణం మీదకి వస్తుంది.

రెండోది బల్బా, స్విచ్చా అన్న ప్రశ్న. స్మార్ట్ బల్బు చవక, ఎవరైనా తిప్పి పెట్టుకోవచ్చు. కానీ గోడ మీద స్విచ్చు ఎవరైనా కట్టేస్తే బల్బుకి కరెంటే అందదు, ఇక ఏ యాప్ దాన్ని లేపలేదు. మాస్టారి భార్యకి స్మార్ట్‌ఫోన్ అలవాటు లేదు. 40 ఏళ్ళుగా ఆ స్విచ్చు నొక్కుతున్నారు, ఇకముందూ అదే నొక్కుతారు. అందుకని బల్బులు పాతవే ఉంచి, బోర్డు వెనక మాడ్యూల్ పెట్టాను. అమ్మగారు స్విచ్చు నొక్కినా వెలుగుతుంది, మాస్టారు ఫోన్‌లో నొక్కినా వెలుగుతుంది. పెద్దవాళ్ళున్న ఇంట్లో నేను ఇదొక్కటే చేస్తాను. వాళ్ళ చేతి అలవాటు చెడగొట్టే వస్తువు ఎంత గొప్పదైనా రెండో వారానికి మూలన పడుతుంది.

బాత్రూము దారిలో కదలికని పట్టే చిన్న సెన్సర్ ఒకటి పెట్టాం. బ్యాటరీతో నడుస్తుంది. ఇక్కడ ఒక సంగతి తెలిసి ఉండాలి. మ్యాటర్ వస్తువులు వైఫై మీదా, థ్రెడ్ అనే ఇంకో రేడియో దారి మీదా నడుస్తాయి. వైఫై బ్యాటరీని త్వరగా తాగేస్తుంది. అందుకని బ్యాటరీ వస్తువులకి థ్రెడ్ మేలు. అయితే థ్రెడ్‌కి ఇంట్లో థ్రెడ్ బోర్డర్ రూటర్ (థ్రెడ్ వస్తువులని ఇంటి నెట్‌వర్క్‌కి కలిపేది) ఒకటుండాలి. కొన్ని హబ్‌లలో అది లోపలే ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. పెట్టె మీద మ్యాటర్ అని రాసుంటే చాలదు, థ్రెడ్ సంగతి విడిగా చదవండి. అన్న కొన్న హబ్‌లో ఆ రెండూ ఉన్నాయి, అందుకే పనికొచ్చింది.

రాత్రి పదకొండు నుంచి పొద్దున ఐదు వరకు ఎవరు నడిచినా దారిలో చిన్న లైటు రెండు నిమిషాలు వెలుగుతుంది. పెట్టిన మర్నాడు అమ్మగారు నాకు చెప్పిన మాట: "లేవగానే కాళ్ళు కనబడుతున్నాయి నాయనా." మోకాళ్ళ నొప్పులతో ఉన్నావిడకి అదెంత పెద్ద సంగతో వేరే చెప్పక్కర్లేదు.

మ్యాటర్ ఎంచుకోవడానికి నాకున్న గట్టి కారణం, ఇంట్లో పని ఇంట్లోనే జరిగిపోవడం. సెన్సర్ నుంచి హబ్‌కి, హబ్ నుంచి స్విచ్చుకి, కబురు గోడలు దాటి బయటికి పోదు. నెట్ పోయినా ఆ లైటు వెలుగుతుంది. పరాయి దేశంలో ఉన్న కంపెనీ కంప్యూటరు దాకా వెళ్ళి వచ్చే చవక వైఫై వస్తువులతో ఆ ధీమా లేదు. ఆ కంపెనీ సేవ ఆపేస్తే వస్తువు మామూలు స్విచ్చు అయిపోతుంది. అయితే కరెంటు పోతే మ్యాటర్‌కైనా రూటరు, హబ్ ఆగిపోతాయి. ఆ రెండింటినీ ఇన్వర్టర్ లైనుకి మార్చండి. ఎంతో లాగవు.

ఇంకొక సెట్టింగు చాలామంది చూడరు. కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు స్విచ్చు ఏ స్థితిలో ఉండాలి? వెలిగి ఉండాలా, ఆరి ఉండాలా, పోయేముందు ఎలా ఉందో అలాగేనా? చూసుకోకపోతే రాత్రి మూడింటికి కరెంటు వచ్చి పడకగది లైట్లన్నీ ఒక్కసారి వెలుగుతాయి. గీజరుకి, మోటారుకి మాత్రం తప్పనిసరిగా ఆరి ఉండేలా పెట్టండి.

ఫ్యాన్ల సంగతి: మ్యాటర్ మొదటి వెర్షన్‌లో ఫ్యాన్లకి విడిగా చోటు లేదు, 2023 అక్టోబరులో వచ్చిన 1.2తో ఫ్యాన్లు, ఏసీలు చేరాయి. కాబట్టి ఫ్యాన్ మాడ్యూల్ కొంటే ఆ వస్తువూ, మీ యాప్ కూడా ఫ్యాను వేగాన్ని చూపిస్తాయా అని అడిగి కొనండి. వెలుగు తగ్గించే లైటు డిమ్మర్‌ని ఫ్యానుకి పెడితే ఫ్యాను గుర్రుమంటుంది, వేడెక్కుతుంది.

ప్రతి మ్యాటర్ వస్తువు మీద ఒక క్యూఆర్ కోడు, దాని కింద 11 అంకెల సంఖ్య ఉంటాయి. ఇంట్లో కలపాలంటే అదే తాళంచెవి. మాడ్యూల్‌ని గోడలోకి తోసి ప్లేటు బిగించాక ఆ కోడు లోపలే ఉండిపోతుంది. రూటరు మార్చినా, ఫోన్ పోయినా మళ్ళీ అది కావాల్సి రావచ్చు. నేను బిగించేముందే ఫోటో తీస్తాను. ఆ సంఖ్యని, అది ఏ గది ఏ స్విచ్చో, ఒక కాగితం మీద రాసి మెయిన్ బోర్డు తలుపు లోపలివైపు అతికిస్తాను.

మోటారు దగ్గర జాగ్రత్త

ఇది మా ఇంట్లో జరిగింది. మూడేళ్ళ కిందట మా సంపు మోటారుకి 16 ఆంపియర్లని రాసున్న స్మార్ట్ ప్లగ్గు పెట్టాను. ఒక హార్స్‌పవర్ మోటారంటే 746 వాట్లు, నడిచేటప్పుడు ఐదారు ఆంపియర్లు, ఇంకేం అనుకున్నాను. నాలుగు నెలలు బాగానే నడిచింది. ఒక రాత్రి యాప్‌లో కట్టాను, యాప్‌లో ఆఫ్ అని పడింది, పడుకున్నాను. పొద్దున లేచేసరికి పైట్యాంకు పొంగి వీధిలోకి నీళ్ళు, సంపు ఖాళీ, మోటారు ఉత్తినే తిరుగుతూ చేయి పెట్టలేనంత వేడి. వేసవిలో ఒంగోలులో నీళ్ళంటే ఏమిటో ఇక్కడివాళ్ళకి తెలుసు. ఆ సంపు నీళ్ళు మాకు నాలుగు రోజులకి.

ప్లగ్గు విప్పి చూశాను. లోపల రిలే అనేది బఠాణీ గింజంత రెండు లోహపు బొడిపెలు. అవి తగిలితే కరెంటు పోతుంది, విడిపోతే ఆగుతుంది. ఆ రెండూ నల్లగా మాడి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి, స్క్రూడ్రైవరు మొనతో తీస్తేగాని రాలేదు. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ప్రతిసారీ ఆ బొడిపెల మధ్య చిన్న నిప్పురవ్వ. రోజుకింత కరిగి చివరికి వెల్డింగు పెట్టినట్టు అయ్యాయి. పెట్టె మీద రాసిన 16 ఆంపియర్లు గీజరు, ఇస్త్రీపెట్టె లాంటి వేడిచేసే వస్తువులకి చెప్పిన లెక్క. యాప్‌కి తెలిసింది తాను ఆగమని చెప్పానన్నదే. మోటారు ఆగిందో లేదో దానికి తెలియదు.

కాబట్టి మోటారుకి మధ్యలో కాంటాక్టర్ (ఎక్కువ కరెంటుని తట్టుకునే పెద్ద స్విచ్చు) పెట్టాలి. స్మార్ట్ మాడ్యూల్ ఆ కాంటాక్టర్ లోపలి తీగచుట్టకి (కాయిల్) మాత్రమే కరెంటు ఇస్తుంది, మోటారు బరువంతా కాంటాక్టర్ మోస్తుంది. అది అలాంటి పనికే చేసిన వస్తువు. ఇంతా చేసి, ట్యాంకు నిండితే మోటారు ఆగడం ఒక్కటే మీ అవసరమైతే స్మార్ట్ ఏదీ వద్దు. పైన ఒక ఫ్లోట్ స్విచ్చు (నీటి మట్టాన్ని బట్టి పనిచేసేది), సంపులో ఒకటి పెట్టించి ఆ కాంటాక్టరుకి కలిపించండి. నెట్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. మాస్టారికి ఫ్లోట్ స్విచ్చులే పెట్టాను.

కొత్తపట్నం వైపు రొయ్యల చెరువులవాళ్ళు కూడా అడుగుతుంటారు. చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్లకి పైన చెప్పినవి ఏవీ వద్దు. అవి త్రీఫేజు మోటార్లు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గే వేళ అవి ఆగితే పంటే పోతుంది. ఫేజు పోతే సైరన్ మోగి, సిమ్ కార్డుతో ఫోన్ చేసే ప్యానెల్ పెట్టించుకోండి.

చీమకుర్తి ఆఫీసు పని

అక్కడ వైరు పని ఏమీ లేదు. మా అమ్మాయి బీటెక్ చదివింది, ఎన్‌ఎయిట్‌ఎన్ నాకు నేర్పింది అదే. ఇద్దరం కలిసి రెండు ఆదివారాలు కూర్చున్నాం.

గేటు దగ్గర కుర్రాడి ఫోన్‌లో గూగుల్ ఫారం పెట్టాం. లారీ నంబరు టైపు చేసే పని తీసేశాం. తరచూ వచ్చే లారీలన్నీ జాబితాలో ఉంటాయి, వేలితో ఎంచుకోవాలి. కొత్త లారీ అయితేనే టైపు చేయాలి, అదీ రెండుసార్లు. రెండూ కలిస్తేనే ఆఫీసు షీటులోకి ఎక్కుతుంది. ఎన్‌ఎయిట్‌ఎన్ ఆ కొత్త వరస చూసి బిల్లు రాసే గుమస్తాకి మెయిల్, అన్నకి టెలిగ్రామ్‌లో కబురు పంపుతుంది, కొన్నవాళ్ళకి పంపాల్సిన సందేశం సిద్ధం చేస్తుంది. తప్పు పడే నాలుగు చోట్లు ఒక్క చోటయ్యాయి.

వాట్సాప్ దగ్గర ఆగి ఆలోచించండి. మనుషులు నొక్కకుండా వాట్సాప్ దానంతటది వెళ్ళాలంటే అధికారికంగా బిజినెస్ ఏపీఐ (సాఫ్ట్‌వేరే సందేశం పంపడానికి వాట్సాప్ ఇచ్చే దారి) తీసుకోవాలి, సందేశం నమూనాకి ముందే ఆమోదం కావాలి, ఛార్జీలుంటాయి. దొడ్డిదారి టూల్స్ చాలా ఉన్నాయి. వాటితో నంబరు బ్లాకయితే ఏళ్ళ తరబడి కొన్నవాళ్ళందరి దగ్గరా ఉన్న నంబరు పోతుంది. మేము మధ్యే మార్గం పట్టాం. సందేశం, నంబరు ముందే నింపిన వాట్సాప్ లింకు తయారవుతుంది. బిల్లు రాసే గుమస్తా ఆ లింకు నొక్కితే చాట్ తెరుచుకుంటుంది, పంపు బాణం నొక్కడమే. ఒక్క నొక్కుడు మనిషి చేతిలో ఉండటం మంచిదే, కళ్ళతో చూసి పంపుతాడు.

జాపియరా, ఎన్‌ఎయిట్‌ఎన్నా అంటే లెక్క వేసుకోండి. జాపియర్ చేసిన ప్రతి పనికీ ఒక టాస్కు లెక్కపెడుతుంది. రోజుకి ఆరు లారీలు, ఒక్కోదానికి మూడు పనులు, అంటే 18. నెలకి 26 పనిరోజులైతే 468. మేము చూసినప్పుడు ఉచిత ప్లాన్‌లో నెలకి 100 టాస్కులే, అది ఆరో రోజుకే అయిపోతుంది. నెలకి పదిసార్లు జరిగే పనైతే జాపియరే తీసుకోండి, ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, చూసుకునేవాళ్ళు అక్కర్లేదు. రోజూ జరిగే పనికి, ఇంట్లో కాస్త కంప్యూటరు తెలిసినవాళ్ళుంటే ఎన్‌ఎయిట్‌ఎన్. మన సొంత కంప్యూటర్‌లో, మన వ్యాపారం కోసం పెట్టుకుంటే దానికి ఫీజు లేదు.

అయితే ఆఫీసు కంప్యూటరు కరెంటు పోతే ఆగిపోతుంది. అందుకని షీటులో "పంపాం" అని ఒక గడి పెట్టాం. కంప్యూటరు లేవగానే ఆ గడి ఖాళీగా ఉన్న వరసలన్నీ చూసి, ఒక్కోటి పంపి, గడి నింపుతుంది. ఏ లారీ కబురూ పోదు, రెండుసార్లూ వెళ్ళదు. ఎక్కడైనా పని చెడితే అన్నకి విడిగా టెలిగ్రామ్ కబురు వచ్చేలా కూడా పెట్టాం. ఇది లేకుండా ఏ గుమస్తా సాఫ్ట్‌వేర్‌నీ నమ్మొద్దు, చప్పుడు లేకుండా ఆగిపోయి వారం తర్వాత తెలుస్తుంది. మొదటి 15 రోజులు పాత గేటు పుస్తకం కూడా రాయించాం. రెండూ పక్కపక్కన పెట్టి కలిశాయని చూసుకున్నాకే పుస్తకం ఆపాం.

ఇక మాస్టారి ఐదో వరస. పిల్లలకి కావాల్సింది అమ్మానాన్నలు పొద్దున లేచి తిరుగుతున్నారన్న భరోసా. ఇందులో సగం వస్తువు, సగం కబురు. వంటింటి పెరటి తలుపుకి థ్రెడ్‌తో నడిచే సెన్సర్ పెట్టాను. హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ని రాస్‌ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్‌లో వేసి, ఆ సెన్సర్‌ని దానికీ చూపించాం. ఒకే వస్తువుని హబ్‌తో పాటు ఇంకో దానికీ కలపడం మ్యాటర్‌లో కుదురుతుంది. పొద్దున ఏడున్నర దాకా తలుపు తెరుచుకోకపోతే పిల్లలిద్దరికీ టెలిగ్రామ్‌లో కబురు వెళ్తుంది. దీనికి ఎన్‌ఎయిట్‌ఎన్ కూడా పెడదామంది మా అమ్మాయి. హోమ్ అసిస్టెంట్ తానే కబురు పంపగలిగినప్పుడు ఇంకో యంత్రం ఎందుకని వద్దన్నాను. ఆ ఇంట్లో రేపు ఏదైనా ఆగితే వెతకాల్సిన చోట్లు ఎంత తక్కువుంటే అంత మంచిది.

పెట్టేముందు అమ్మగారు అడిగారు. "కెమెరాలో మమ్మల్ని చూస్తుంటారా నాయనా?" కెమెరా లేదని, తలుపు తెరిచారా లేదా అన్న ఒక్క మాటే వెళ్తుందని, సెన్సర్ చేతికిచ్చి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, సరేనన్నాకే బిగించాను.

కొనే వరసలో ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ నచ్చకపోతే ఆదివారం మార్చుకోవచ్చు, అందుకని ముందు ఉచితంగా వాడి చూడండి. గోడలో బిగించినది నచ్చకపోతే ప్లేటు విప్పాలి, మనిషిని పిలవాలి, మళ్ళీ డబ్బు. అందుకని ఇంటి పనికి ఒక్క గదిలో ఒక్క స్విచ్చు పెట్టించుకుని, నెల రోజులు, రెండు మూడు కరెంటు కోతలు చూశాక మిగతా గదులకి ఆర్డరివ్వండి. మాస్టారింట్లో మొదట పెట్టింది ఆ బాత్రూము దారి లైటు ఒక్కటే. మిగతావి నలభై రోజుల తర్వాత పెట్టాం.